పాలపిట్ట జాడ చెప్పే చేతి ఫోను

హన్మకొండ: దసరా నాడు జమ్మిచెట్టు దగ్గరకు పోయే దారిలో పాలపిట్ట కంటబడాలి. లేకుంటే పెద్దవాళ్లకు పండుగ వెలితిగానే వుంటుంది. ఒకప్పుడు వూరు దాటగానే కరెంటు తీగ మీద కనిపించేది. ఇప్పుడు పొలాల గట్లు తిరిగినా దొరకడం లేదని పలువురి మాట. అందుకే కుర్రకారు ముందుగా చేతి ఫోనులో వెతుకుతున్నారు.

వింతగా తోచినా ఈ వెతుకులాట వృథా కాదు. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబాన్ సొసైటీతో కలిసి 2002లో ‘ఈబర్డ్’ను ప్రారంభించింది. పక్షులను చూసినవారు ఎక్కడ, ఏ రోజున, ఎన్నింటిని చూశారో అందులో వ్రాస్తారు. అది పటంగా మారుతుంది. ‘ఇండియన్ రోలర్’ అని అడిగితే పాలపిట్ట కనిపించిన చోట్లు బయటపడతాయి. ఎర్ర గుర్తు గడచిన నెల రోజుల్లో చూసినది, నీలిది అంతకు ముందుది.

2014లో వచ్చిన ‘మెర్లిన్’ ఇంకా సులువు. డబ్బు కట్టనక్కర లేదు. మన ప్రాంతం పక్షుల వివరాలను ఒకసారి దించుకుంటే సిగ్నల్ లేని చెరువు కట్ట మీద కూడ పనిచేస్తుంది. పిట్ట ఎంత వున్నది, ఏ రంగు, ఏం చేస్తున్నది అని అడిగి, ఆ చోట, ఆ నెలలో కనిపించగల పక్షుల బొమ్మలు ముందుంచుతుంది. 2021 నుంచి కూత విని పేరు చెప్పడమూ నేర్చింది. లారీల హారన్ల మధ్య పొరబడుతుంది కూడ. కంటితో చూడనిదే నమ్మరాదు.

మీ వూరి చెరువు దగ్గర పటం ఖాళీగా వుంటే అక్కడ పిట్టలు లేవని కాదు, వ్రాసినవారు లేరని అర్థం. పట్టణాల చుట్టూ గుర్తులు కిక్కిరిసి వుంటాయి, పల్లెల్లో పలచబడతాయి. పావుగంట కట్ట మీద నిలబడి కాకి, గోరింక, కొంగ అని అన్నీ వ్రాసినా అది లెక్కలోకి వస్తుంది.

ఇలా పోగైన లెక్కలతోనే 2023లో భారత పక్షుల స్థితిగతుల నివేదిక వెలువడింది. పాలపిట్ట సంఖ్య 30 శాతానికి పైగా పడిపోయిందని, దాని స్థితిని మళ్లీ పరిశీలించాలని ఆ నివేదిక తెలిపింది. తెలంగాణ 2014లో రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నది దీనినే!

ఇక్కడొక చిక్కు వున్నది. పండుగ నాడు పాలపిట్టను పంజరంలో పెట్టి, చూపించి చిల్లర అడిగేవారున్నారు. కాళ్లు కట్టి, రెక్కలకు జిగురు పూసిన పిట్టలు దొరికిన సందర్భాలున్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. పటం భక్తుడికి చూపే దారే వలవాడికీ చూపుతుంది గదా!

దసరా దాకా ఆగనక్కర లేదు. పాలపిట్ట మన దగ్గర ఏడాది పొడవునా వుంటుంది. కూర్చుంటే మట్టిరంగు, ఎగిరితే రెక్కల్లో నీలం మెరుస్తుంది. ఎండాకాలంలో చెట్టు తొర్రల్లో గుడ్లు పెడుతుంది. ఆ రోజుల్లో చూసినది వ్రాయండి, తొర్ర వున్న చెట్టు ఏదో మాత్రం పటంలో పెట్టకండి. ఫోనులో దాని కూత మోగించి రప్పించకండి.