పాత కుర్చీల మెత్తలు బాగుచేయుట

పెద్దల కాలమునాటి టేకు కుర్చీ యొకటి పెక్కు ఇండ్లలో వసారా మూలకు చేరి యుండును. మెత్త క్రుంగినది; గుడ్డ చిరిగినది; పీచు బయటపడినది. అంతమాత్రమున దానిని పాతసామానులు కొనువాని కిచ్చివేయుదురు. అతడు వెలకట్టునది మెత్తను గాదు, కొయ్యను. చేవదేరిన అట్టి కొయ్యను నేడు క్రొత్తగా కొనబోయినచో ధర మన చేతి కందదు. కొయ్య చెడక గుడ్డ మాత్రమే చెడినప్పుడు దానిని బాగుచేసికొనుటకు సుత్తె, పట్టకారు, కత్తెర, ఒక సెలవుదినము చాలును.

ముందుగా కుర్చీని తలక్రిందులు చేసి చూడుడు. భోజనపు బల్లయొద్ద వేయు కుర్చీలలో పెక్కింటికి మెత్త వేరొక చట్రముమీద నుండును. ఆ చట్రము మరలతో నిలిచియుండును. కొన్నిటిలో మరలును ఉండవు, క్రిందినుండి నెట్టినంతనే పైకి వచ్చును. నేను చెప్పబోవునది ఇట్టి మెత్తను గూర్చియే. వీపునకును చేతులకును మెత్త కుట్టిన సోఫాల పని మొదటిసారి పట్టదగినది కాదు; దానిని పనివానికి విడుచుటయే మేలు.

చట్రమును పెరటిలోనికి గొనిపోయి, ముక్కునకు గుడ్డ కట్టుకొని విప్పవలెను. ఏండ్లతరబడి చేరిన దుమ్ము తక్కువ కాదు. మేకులను కొయ్యయొక్క పొరల వెంబడి ఊడదీయుడు. అడ్డముగా పెకలించినచో అంచు చీలును. విప్పిన పైగుడ్డను పారవేయరాదు. క్రొత్తగుడ్డ కత్తిరించుటకు అదియే కొలత.

మెత్త క్రుంగినంతనే దూదిని నిందింతురు గాని, పెక్కుమార్లు దోషము క్రింది నవారుది. మంచములకు అల్లు దళసరి నూలు నవారు ఇందుకు పనికివచ్చును. కొనను ఒక అంగుళము మడిచి, చిన్న మేకులు ఐదింటిని ఎగుడుదిగుడుగా కొట్టుడు. ఒకే వరుసలో కొట్టినచో కొయ్య ఆ గీత వెంబడి చీలును. చేతితో లాగిన బిగువు చాలదు. నవారును ఒక కొయ్యముక్కకు చుట్టి, దానిని చట్రపు అంచున కానించి మీటి లాగవలెను. అట్లు బిగించి మేకులు కొట్టినపిదప మిగిలినదానిని కత్తిరించి, కొన మడిచి మరల కొట్టుడు. అడ్డపు పట్టీలను నిలువు పట్టీలకు ఒకటి క్రిందుగా, ఒకటి మీదుగా అల్లవలెను. పట్టీలనడుమ సందు పట్టీ వెడల్పును మించరాదు. వ్రేలితో కొట్టిన తప్పెటవలె మ్రోగినచో పని కుదిరినదన్నమాట.

దానిపై గోనెగుడ్డ, దానిపై చేతితో విడదీసిన కొబ్బరి పీచు, ఆపైన ఏకించిన దూది, అన్నిటిపై కోరాగుడ్డ. పీచు నడుమ కొంచెము ఎత్తుగా నుండవలెను; కూర్చున్నకొలది అది అణగును. నేడు స్పాంజి వేయుట వాడుక. అది సులభమే గాని కొన్ని యేండ్లకు పొడియై రాలును. దూదినైనచో మరల ఏకించుకొనవచ్చును.

పైగుడ్డ పరచునప్పుడు ముందును వెనుకను నడుమ ఒక్కొక్క మేకు, పిదప ఇరుప్రక్కల ఒక్కొక్కటి సగమువరకే కొట్టుడు. చారలున్న గుడ్డయైనచో ఇప్పుడే సరిచూచుకొనవలెను. నడుమనుండి మూలలవైపునకు సాగి, మడతలు చివరకు వేయుడు. పాతగుడ్డను తీయుటకు సోమరులై దానిమీదనే క్రొత్తది కొట్టువారు కలరు. అందువలన చట్రము లావెక్కి తన చోటికి దిగదు; బలవంతముగా దింపినచో కుర్చీ అతుకులే విడిపోవును. సముద్రతీరపు ఊళ్లలో పైకి కనబడు మేకులు ఇత్తడివి వాడుట మంచిది; ఇనుప తుప్పు గుడ్డ అంచులను తినివేయును.

పేముతో అల్లిన కుర్చీ క్రుంగి, అల్లిక మాత్రము తెగకున్నచో ఇంకను సులభము. అడుగువైపున వేడినీటిలో ముంచిన గుడ్డతో బాగుగా తడిపి, రాత్రియంతయు నీడను ఆరనిండు. ఆరునప్పుడు పేము ముడుచుకొని బిగియును. అంతవరకు దానిపై ఎవ్వరిని కూర్చుండనీయకుడు.