రోడ్డు ఒకటే, ఆఫీసులు ఎన్నో!



“టీచర్, ట్రాఫిక్ వల్ల లేటయింది.” మొదటి పీరియడ్‌లో ఈ మాట రోజూ వింటాం. పిల్లలు చెప్పేది నిజమే. మరి దీన్ని సరిచేయాల్సింది ఎవరు?

హైదరాబాద్‌నే తీసుకుందాం. సిటీ బస్సులు ఆర్టీసీవి. ఎంఎంటీఎస్ రైళ్లు దక్షిణ మధ్య రైల్వేవి. మెట్రోకు ఇంకో సంస్థ. సిగ్నళ్లు చూసేది ట్రాఫిక్ పోలీసులు. ఫుట్‌పాత్‌లు మున్సిపల్ కార్పొరేషన్‌వి. శివారు లేఅవుట్లకు అనుమతులిచ్చేది హెచ్‌ఎండీఏ. ఎవరి పని వారు బాగానే చేసినా, రైలు దిగిన చోట బస్సు లేకపోతే లాభం లేదు. మనం మళ్లీ బైకో కారో తీస్తాం.

అందుకే 2006 జాతీయ పట్టణ రవాణా విధానం పది లక్షల జనాభా దాటిన నగరాల్లో వీటన్నిటినీ సమన్వయం చేసే ఉమ్మడి సంస్థ ఉండాలని చెప్పింది. దాన్నే ‘ఉమ్టా’ అంటారు. హైదరాబాద్‌లో 2008 చట్టంతో ఇది ఏర్పడింది. 2017 మెట్రో రైలు విధానం కూడా కేంద్ర సాయం కావాలంటే ఉమ్టా ఉండాలంది. అయితే సమావేశం పెడితే సరిపోదు. నిధులు, నిర్ణయాలు ఏ శాఖవి ఆ శాఖ దగ్గరే ఉండిపోతే ఉమ్మడి ప్లాన్ కాగితం మీదే ఆగిపోతుంది.

ఈ ఆదివారం మీ పిల్లలతో కూర్చుని ఇంటి నుంచి స్కూలు దాకా దారి గీయించండి. స్టాప్, సిగ్నల్, ఫుట్‌పాత్ ఏ ఆఫీసువో పక్కన రాయించండి. ఫిర్యాదు ఎవరికి చేయాలో తెలుస్తుంది. గేటు ముందు జామ్‌లో మన కార్లూ ఉంటాయి కదా, వీలైనవారు స్కూల్ బస్సు గురించీ ఆలోచించండి.