పంపు పెంచితే బలం పెరుగుతుందా?

మా నెల్లిమర్ల ప్రాంతంలో ఉభాల రోజుల్లో రెండు ట్రాక్టర్లు ఎదురుపడితే డ్రైవర్ల మధ్య మొదటి మాట వాన గురించి, రెండో మాట పంపు గురించి. "పంపు పెంచావా?" అంటే నీళ్ళ పంపు కాదు సుమా. ఇంజనుకి డీజిలు అందించే పంపు. దాని మీదుండే ఒక చిన్న స్క్రూ తిప్పితే బండికి బలం వస్తుందని మావైపు చిన్న పిల్లలకి కూడా తెలుసు. ఆ బలం ఎక్కడినుంచి వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. సైన్సు చదువుతున్న నాకూ రెండేళ్ళ క్రితం దాకా తెలీదు. తెలీకపోతే అంత బాధ లేదు, తెలుసనుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. పడ్డాక చంపావతి పక్క పల్లెలన్నిటికీ ఒకే వారంలో దమ్ము కావలసొచ్చింది. మాది సెకండ్ హ్యాండులో కొన్న 35 హార్స్ పవర్ బండి, మూడు సిలిండర్లది. పేరుకి మా పొలం కోసమే కొన్నాం గాని, వాయిదాలు కట్టేది ఊళ్ళోవాళ్ళ మళ్ళలో దమ్ము చేసిన డబ్బుతోనే. సరిగ్గా ఆ వారమే అది రోటవేటరు లాగలేక మూలగడం మొదలుపెట్టింది. మెకానిక్కు వచ్చి చూసి, "పంపు పెంచేత్తే గుర్రం నాగ ఎల్తాది" అన్నాడు. మా నాన్న నా వైపు తిరిగి, "ఏటిరా, సదువుకున్నోడివి గదా, నువ్వేటంతావు?" అని అడిగాడు. నేను ఒక్క క్షణమైనా ఆలోచించలేదు. "డీజిలు ఎక్కువైతే శక్తి ఎక్కువే కదా నాన్నా" అనేశాను. పంపుకి కట్టిన సీలు వైరు తెంపుతుంటే స్పానరు అందించింది కూడా నేనే.

ఇప్పుడు అసలు సంగతి చెప్తాను. పెట్రోలు ఇంజనులో యాక్సిలరేటరు తొక్కితే గాలీ, పెట్రోలూ రెండూ పెరుగుతాయి. డీజిలు ఇంజను పద్ధతి వేరు. అది పీల్చేది వట్టి గాలినే. ఆ గాలిని పదహారో వంతుకో పదిహేడో వంతుకో నొక్కేసరికి 500 డిగ్రీలు దాటి కాగుతుంది. అందులోకి డీజిలు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. బరువు లాగినా, ఊరికే తిరిగినా, ఒకే వేగంలో పీల్చే గాలి మాత్రం ఇంచుమించు ఒకటే. మారేదల్లా డీజిలే. అంచేత బలం పెంచాలన్నా తగ్గించాలన్నా పంపు చేతిలోనే వుంది. మెకానిక్కు చెప్పింది అబద్ధం కాదు. సగం నిజం.

రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు ఈ పద్ధతికి 1893లో పేటెంటు పొందాడు, 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఇంజను నడిపి చూపించాడు. ఆయన ఇంధనాన్ని చిమ్మడానికి వాడింది నొక్కిపెట్టిన గాలిని. దానికొక పెద్ద కంప్రెసరు కావాలి. అలాంటిది పొలంలోకి ఎలా వస్తుంది? 1927లో బాష్ కంపెనీ చిన్న పంపుల్ని వరసగా తయారుచెయ్యడం మొదలుపెట్టాకే డీజిలు ఇంజను లారీలకీ ట్రాక్టర్లకీ బాగా అమిరింది. మన దేశంలో ఆ పంపులు చేసే మైకో కంపెనీ 1951లో మొదలైంది. 2008లో దాని పేరు బాష్ అని మారింది గాని, మావాళ్ళకి ఇప్పటికీ అది మైకో పంపే.

పంపులో సిలిండరుకొకటి చొప్పున చిన్న ప్లంజర్లుంటాయి. ప్లంజరుకీ దాని గొట్టానికీ మధ్య సందు తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా వుండదు. ప్లంజరు పక్కన ఏటవాలుగా కోసిన గాడి వుంటుంది. పళ్ళున్న ఒక కడ్డీ, దాన్ని రాక్ అంటారు, అటూ ఇటూ జరిగితే ప్లంజరు తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది. గాడి ఏ చోట రంధ్రానికి ఎదురుగా వస్తే అక్కడితో డీజిలు నొక్కడం ఆగిపోతుంది. రాక్‌ని జరిపేది గవర్నరు. బరువు పడి వేగం తగ్గితే డీజిలు పెంచుతుంది, తేలికైతే తగ్గిస్తుంది. అయితే రాక్ ఎంతవరకు జరగొచ్చో ఒక హద్దు వుండాలి కదా? ఆ హద్దే మనవాళ్ళు తిప్పే స్క్రూ. పక్కనే వేగం హద్దు పెట్టే స్క్రూ ఇంకొకటుంది. కొందరు తెలీక దాన్ని తిప్పి, ఇంజను గట్టిగా అరుస్తుంటే బలం పెరిగిందని సంతోషిస్తారు.

హాస్టల్లో కూర్చుని నేను వేసుకున్న లెక్క ఇది. 35 హార్స్ పవర్ అంటే సుమారు 26 కిలోవాట్లు. అలాంటి ఇంజను ఒక కిలోవాటు-గంటకి 250 గ్రాముల డీజిలు తాగుతుందనుకుంటే గంటకి ఆరున్నర కిలోలు. నిమిషానికి 2000 చుట్లు తిరిగే మూడు సిలిండర్ల ఇంజనులో గంటకి 1,80,000 సార్లు డీజిలు చిమ్మాలి. అంటే ఒక్కోసారి 36 మిల్లీగ్రాములు. నీటి చుక్క కంటే తక్కువ! ఆ సమయంలో సిలిండరులో వుండే గాలి, మొత్తం రెండున్నర లీటర్ల ఇంజనుకి, దాదాపు 770 మిల్లీగ్రాములు. ఒక పాలు డీజిలుకి 21 పాళ్ళ గాలి అన్నమాట. కెమిస్ట్రీ లెక్క ప్రకారం 14.5 పాళ్ళు చాలు. కాని రెప్పపాటు కంటే ఎంతో తక్కువైన ఆ కాస్త వ్యవధిలో ప్రతి డీజిలు తుంపరకీ ఆక్సిజను అందదు. ఇంచుమించు 18 పాళ్ళ దగ్గరే నల్ల పొగ మొదలవుతుంది. అంటే కంపెనీవాళ్ళు పెట్టిన 36ని మహా అయితే 40కి, 42కి పెంచుకోవచ్చు. ఆ పైన పోసేది చాలావరకు మసి.

మా బండికి ఆ కొంచెం కూడా లేకపోయింది. ఎందుకంటే అప్పటికే దానికి గాలి తక్కువైంది. సంక్రాంతి ముందు నూర్పుల్లో కళ్ళం దుమ్మంతా తిన్న ఎయిర్ క్లీనర్‌ని ఎవరూ విప్పలేదు. గాలి ఐదో వంతు తగ్గిందనుకోండి, 620 మిల్లీగ్రాములే మిగులుతుంది. అప్పుడు కంపెనీ పెట్టిన 36కే గాలి 17 పాళ్ళకి పడిపోయి పొగ వస్తుంది, బలం తగ్గుతుంది. జబ్బు గాలిది. మేము మందు వేసింది డీజిలుకి. మా అమ్మ పొయ్యిలో కట్టెలు కిక్కిరిస్తే ఏమవుతుందో రోజూ చూస్తూ పెరిగినవాణ్ణి, నాకా మాట తట్టలేదు.

నాలుగు రోజులు బండి నిజంగానే బాగా లాగింది. పొగ మాత్రం తాటిచెట్టంత లేచేది. పక్క మడిలో ఆకు తీస్తున్న ఆడవాళ్ళు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్నారు. డీజిలు పొగ క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సరు పరిశోధన విభాగం 2012లోనే తేల్చి చెప్పింది. ఐదో రోజు నీళ్ళు మరిగిపోయి, ఇంజను గిలగిలలాడి మడి మధ్యలో ఆగిపోయింది. విప్పితే హెడ్ గాస్కెట్ కాలిపోయింది, ఒక పిస్టను అంచు కరిగింది. పిస్టను అల్యూమినియం మిశ్రమం. అసలు అల్యూమినియమే 660 డిగ్రీలకి కరుగుతుంది. మండుతున్న వాయువు వేడి అంతకి మూడింతలు. నూనె పొర, నీళ్ళు కలిసి ఆ వేడిని లాగేస్తున్నంతసేపే పిస్టను పిస్టనుగా వుంటుంది. ఆలస్యంగా మండే డీజిలు ఆ పనిని చెడగొడుతుంది, కాలని డీజిలు గోడల మీది నూనెని కడిగేస్తుంది. ఆ ఏడు దమ్ము డబ్బంతా రిపేరుకి పోయింది. రెండు వాయిదాలు మిగిలిపోయాయి. మా నాన్న నన్నొక్క మాటా అనలేదు. అంటే బాగుండుననిపించింది.

ఇంతకీ పంపు పెంచడమే తప్పా? కాదు. ఒకే ఇంజనుని కంపెనీలే రెండు మూడు రకాల హార్స్ పవర్లతో అమ్ముతాయి. అయితే వాళ్ళు దానికి తగ్గ గాలి, చల్లదనం, క్లచ్చి, గేర్లు చూసుకుంటారు. పంజాబులో రెండు ట్రాక్టర్లని వెనకనుంచి కట్టి లాగించే తోచన్ పోటీలకి బళ్ళు తయారుచేసేవాళ్ళు టర్బో కూడా బిగిస్తారు. పొగగొట్టంలో వృథాగా పోయే వాయువుతో చక్రం తిప్పి గాలిని లోపలికి తోసే ఆ ఉపాయానికి ఆల్ఫ్రెడ్ బూఖీ అనే స్విస్ ఇంజనీరు 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. ఇక 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకి కొత్త పొగ నిబంధనలొచ్చి, ఆ పంపుల పెత్తనం కంప్యూటరుకి పోయింది. మా బండ్లకి ఆ బెడద లేదు, స్క్రూ ఇంకా అందుబాటులోనే వుంది.

కాబట్టి బండి బలం తగ్గితే స్పానరు తియ్యకముందు ఎయిర్ క్లీనర్ విప్పండి. తరవాత డీజిలు ఫిల్టరు, ఆ తరవాత నాజిళ్ళు, వాల్వుల సందు. అవన్నీ సరిగ్గా వుండి కూడా లాగకపోతే పంపుని ఊడదీసి బెంచి మీద పెట్టించాలి. అక్కడ ఒక్కో ప్లంజరు ఎంత చిమ్ముతుందో గాజు గొట్టాల్లో పట్టి కొలుస్తారు. మడి గట్టు మీద స్క్రూ తిప్పేవాడికి ఆ కొలత ఎక్కడిది? యాక్సిలరేటరు తొక్కగానే ఒక్క గుప్పెడు పొగ వచ్చి పోతే ఫరవాలేదు. బరువు లాగుతున్నంతసేపూ నల్లగా వస్తుంటే మీ డబ్బు గాల్లోకి పోతున్నట్టే. నీలంగా వస్తే ఇంజను నూనె కాలుతోంది, అది వేరే కథ.

మా పంపుని విజయనగరంలో బెంచి మీద పెట్టించి, కంపెనీ కొలతకే సరిచేయించి, కొత్త సీలు వైరు కట్టించాం. బరువు మడి వస్తే ఒక గేరు తగ్గించుకుంటాం. మొన్న సెలవులకి నెల్లిమర్ల స్టేషన్లో దిగి ఇంటికి వెళ్ళేసరికి పక్క ఊరాయన ఒకరు మా గుమ్మంలో కూచుని వున్నారు. పంపు పెంచాలి, మెకానిక్కు ఎక్కడున్నాడని అడగడానికి వచ్చారట. మా నాన్న జవాబు చెప్పకుండా లేచి వెళ్ళి, ఆయన బండి ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పి నేల మీద బోర్లించాడు. రెండు దోసిళ్ళ ఊక పడింది.