సెల్ఫీలో ముక్కు ఎందుకు ఉబ్బుతుంది?

అద్దంలో చక్కగా కనిపించే ముక్కు సెల్ఫీలో మైసూరు బజ్జీలా ఉబ్బుతుందేం? తప్పు ముక్కుది కాదు, మన పొట్టి చేతిది!

కెమెరా ముక్కు కొనకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. చెవులు ముక్కు కొనకన్నా సుమారు 10 సెంటీమీటర్లు వెనక ఉంటాయి. అంటే కెమెరాకు వాటి దూరం 40 సెంటీమీటర్లు. వస్తువు దగ్గరయ్యేకొద్దీ దాని ప్రతిబింబం పెద్దదవుతుంది కదా! కాబట్టి చెవులతో పోలిస్తే ముక్కు 40/30, అంటే 1.33 రెట్లు పెద్దగా పడుతుంది. కెమెరాను 150 సెంటీమీటర్లకు జరిపితే నిష్పత్తి 160/150. తేడా 7 శాతం లోపే!

మరి అద్దం? దానికి 50 సెంటీమీటర్ల ఎడంగా నిలబడితే ప్రతిబింబం మనకు 100 సెంటీమీటర్ల దూరాన ఉంటుంది. అందుకే అద్దం మన ముక్కును అంతగా ఉబ్బించదు.

చేతిని 'సాగదీసే' కర్రకు జపాన్ ఇంజనీరు హిరోషి ఉయేదా 1980లలోనే పేటెంటు పొందాడు. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. 1995లో ఒక పుస్తకం దాన్ని 'పనికిరాని' వింత వస్తువుల జాబితాలో కూడా చేర్చింది!

సెల్ఫీ చూసుకుని, ముక్కు సరిచేయమంటూ ప్లాస్టిక్ సర్జన్ల దగ్గరకు వెళ్లేవారున్నారు. 12 అంగుళాల దూరపు సెల్ఫీలో ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా వైద్యులు లెక్కగట్టి చూపారు. కత్తి కన్నా లెక్క చవక!

దూరం కావాలంటే ఫొటో తీయమని స్నేహితుణ్ణి అడగండి. అంతేగాని రైలు పట్టాల మీదికో, గట్టు అంచుకో వెనక్కి నడవకండి. ఉబ్బిన ముక్కు మరో ఫొటోలో సర్దుకుంటుంది. జారిన కాలు సర్దుకోదు.