రోహిణి కార్తెలో పెరటి సేద్యము

మే నెల చివరి వారమున సూర్యుడు రోహిణీ నక్షత్రమున ప్రవేశించునప్పటికి కనిగిరి ప్రాంతమున బావులు అడుగంటి, బీరపాదులు ఎండి, వంగమొక్కలు ఆకు రాల్చి, పెరడంతయు నిర్జీవముగ కన్పట్టును. ఆ దినములలో పెరటి మొగము చూడక, తొలకరి పడిన పిమ్మటనే పార చేతబట్టుట మనలో పెక్కుమందికి అలవాటు. కాని రాబోవు సంవత్సరపు కాయగూరలకు పునాది పడునది తొలకరితో గాదు, రోళ్ళు సైతము పగులునని పెద్దలు చెప్పిన ఈ ఎండలలోనే యని నా దృఢవిశ్వాసము.

మిరప పండించు ఈ సీమలో నారుకుళ్ళు తెగులు ఎరుగని రైతు ఉండడు. దానికి కారణమగు సూక్ష్మజీవులును, కలుపు విత్తనములును మట్టి పైపొరలోనే దాగియుండును. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు యాకోవ్ కటాన్ సహచరులతో గూడి ప్రకటించిన ఉపాయమొకటి మన ఎండలకు మిక్కిలి తగినది. నారుమడిని త్రవ్వి, గడ్డలు చిదిపి, చదును చేసి, నిండుగ తడిపి, పలుచని పారదర్శకమగు పాలిథీన్ పట్టాను నేలకు అంటునట్లు పరచి, అంచులను మట్టిలో పూడ్చి, నాలుగు మొదలు ఆరు వారములు కదలింపక ఉంచవలయును. వెలుతురు పట్టా గుండ చొచ్చి మట్టిని కాచును. ఆ వేడిమియు, ఆవిరియు వెలికి పోజాలవు. పైపొర ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటును. నల్లని పట్టా తాను వేడెక్కును గాని మట్టిని అంతగా కాచదు. ముందుగ తడుపుట యెందులకనగా, పొడిమట్టిలో నిద్రాణములైయున్న బీజములు తీవ్రమైన వేడిని సైతము ఓర్చుకొనును. తేమ సోకి మేల్కొన్నవి ఓర్వలేవు. తుంగగడ్డలు మాత్రము దీనికి లొంగవు. వానిని చేతితో ఏరివేయుటయే శరణ్యము. మిరపనారు పోయుట జులై, ఆగస్టులలో గనుక పట్టా ఇప్పుడు పరచినను ఆలస్యము కాదు.

తక్కిన మడులను త్రవ్వి ఊరక ఎండనిచ్చుటయు వృథా కాదు. తూర్పు ఆఫ్రికా నేలలను పరిశోధించిన హెచ్. ఎఫ్. బర్చ్ 1958లో వివరించిన ప్రకారము, బాగుగ ఎండిన నేల మరల తడిసినప్పుడు అందలి సూక్ష్మజీవులు విజృంభించి, చచ్చిన జీవుల దేహములను, సేంద్రియ పదార్థమును ఆబగా కుళ్ళజేసి, మొక్కలకు అందునట్టి నత్రజనిని ఒక్కుమ్మడిగా విడుదల చేయును. తొలివానకు పచ్చదనము విరుచుకొనివచ్చుటకు ఇదియు ఒక హేతువు. ఆ నత్రజని తరువాతి వానలకు లోతునకు కొట్టుకొనిపోవును గావున, మడి సిద్ధముగ నుండి, తొలి పదునుననే గోంగూరయో, అలసందయో, ఏమియు లేకున్న పచ్చిరొట్టకై జనుమో చల్లినవారికే ఆ సంపద దక్కును.

కనిగిరి పెరళ్ళకు నీటి చిక్కు ప్రత్యేకమైనది. నీటిలో హెచ్చిన ఫ్లోరైడ్ వలన కలుగు ఫ్లోరోసిస్ వ్యాధిని గూర్చి మన దేశమున తొలి శాస్త్రీయ వివరణ 1937లో వెలువడినది నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుండియే; కనిగిరియు 1970 వరకు ఆ జిల్లాలోనిదే. కాల్షియం సమృద్ధిగ నున్న నీటిలో ఫ్లోరైడ్ దానితో గూడి కరుగని లవణమై విడిపోవును. కాల్షియం కొరవడి, సోడియం, బైకార్బొనేట్ హెచ్చిన నీటిలో కరగియే యుండును. అట్టి బోరునీరు ఏడాది పొడవునను పారించిన మడిలో సోడియం బంకమట్టి రేణువులను విడదీసి, నేలను బిగియించి, నీరింకకుండ చేయును. కావున వానకు ముందే మడికి కొంత జిప్సమును, చివికిన పశువుల ఎరువును కలిపియుంచినచో, జిప్సములోని కాల్షియం సోడియమును తొలగద్రోయగా వాననీరు దానిని క్రిందికి కడిగివేయును. ఇంటికప్పు నీరు వీధికాలువ పాలుగాక పాదులలోనికి మళ్ళునట్లు బోదె తీయుటయు ఇప్పటి పనియే. బోరుబావి దయచేయలేని మంచినీటిని ఆకాశము ఉచితముగ ఇచ్చుచుండ వదలుకొనుట నాకు మిక్కిలి బాధ కలిగించును.

ఇక విత్తనములు. గింజలో తేమ 5 మొదలు 14 శాతము వరకుగల హద్దులలో, ఒక్కొక్క శాతము తగ్గినకొలది దాని నిల్వకాలము ఇంచుమించు రెట్టింపగునని అమెరికా శాస్త్రజ్ఞుడు జేమ్స్ హారింగ్టన్ సూత్రీకరించెను. వర్షాకాలపు గాలిలో గింజ మరల తేమను పీల్చుకొనును. అందువలన గాలి మిక్కిలి పొడిగనున్న ఈ దినములలోనే సీసాలలో పోసి, మూత బిగించి, నీడపట్టున ఉంచవలయును. ఐనను పచ్చిగింజను మిట్టమధ్యాహ్నపు ఎండలో కాలుచున్న మేడమీద పోయరాదు, మొలక చచ్చును. ముందు నీడన ఆరబెట్టి, పిమ్మట ఉదయపుటెండ చూపవలెను. బీరకాయ తీగమీదనే ఎండి, ఊపినప్పుడు గింజలు గలగలలాడువరకు ఉంచుట మంచిది. మిరపలో తేనెటీగలవలన పరాగసంకరము తరచుగ జరుగును గావున, రెండు రకములు ప్రక్కప్రక్కన పెరిగిన చోటి గింజ తల్లి గుణమునే నిలుపునని నమ్మరాదు.

మడుల పటము గీచుకొనునప్పుడు మొక్కల కుటుంబములను చూడవలెను; ఒక కుటుంబపు మొక్కలకు పురుగులును, తెగుళ్ళును తరచుగ ఉమ్మడి. మిరప, వంగ, టమాటా ఒక కుటుంబము. పత్తి, బెండ, గోంగూర మరియొకటి. చుట్టును పత్తిచేలున్న ఊళ్ళలో బెండకాయను తొలుచు మచ్చల పురుగు పత్తికాయనుండి వచ్చుటలో వింతలేదు. అట్టిచోట బెండను పత్తి కాయపట్టునప్పటికే కోతలు ముగియునట్లు తొలకరికే విత్తి, నిరుడు మిరపయున్న మడికి ఈ యేడు అలసందను, అలసంద మడికి మిరపను మార్చుకొనవచ్చును.