కాలువ ముందా, కారఖానా ముందా? – ఫోనులో, కంప్యూటరులో వెతుకుట గురించి



మన బడి నుండి సైన్స్ ఫెయిర్‌కు "మన చెరుకు – మన బోధన్" అని ఒక ప్రాజెక్టు పోయింది గదా. అది నేనూ, మా తరగతి ఇద్దరమూ కలిసి చేసినము. చార్టు చూసి కొందరు "ఇదంతా యాడ దొరికింది?" అని అడిగినారు. కొందరు "ఏముంది, ఫోన్‌ల చూసి ఎక్కించిన్రు" అని నవ్వినారు. ఫోన్‌ల చూసినమన్న మాట నిజమే. కానీ చూసుడు వేరు, వెతుకుడు వేరు. ఆ సంగతి గోడపత్రికలో రాయమని సోషల్ మేడమ్ గారు చెప్పినందున రాస్తున్నాను. తప్పులుంటే మన్నించగలరు.

మన దగ్గర ఫోన్లు ఉండవు. శనివారం కంప్యూటర్ గదిలో ఒక్క పీరియడ్, నలభై నిమిషాలు. అందులో పెట్టె తెరుచుకునేసరికి ఐదు నిమిషాలు పోతాయి. కరెంటు పోతే ఇక అంతే. మొదటి శనివారం మేము "షుగర్ ఫ్యాక్టరీ" అని కొట్టినము. మిషన్లు అమ్మేటోళ్ల బొమ్మలు వచ్చినయి. అవి చూసుకుంటనే గంట కొట్టిన్రు. ఒక్క ముక్క కూడా నోటుపుస్తకంలోకి రాలేదు.

అందుకని రెండో వారం నుండి ప్రశ్నలు ముందే రాసుకొని పోయినము. ఫ్యాక్టరీ ఎప్పుడు పెట్టిన్రు? నీళ్లు ఎక్కడివి? ఎప్పుడు ఆగింది? ఒక్కో ప్రశ్నకు ఒక్కో గీత. పది ప్రశ్నలు పట్టుకొని పోతే మూడింటికి జవాబు దొరుకుతుంది. అది కూడా మంచిదే.

పేరు ఎట్లా రాయాలన్నది పెద్ద చిక్కు. మనం బోధన్ అంటాము, కొందరు బోదన్ అని రాస్తారు. ఫ్యాక్టరీ ఉన్న చోటును శక్కర్‌నగర్ అంటారు, షక్కర్‌నగర్ అని కూడా రాస్తారు. శక్కర్ అంటే చక్కెరే. ఒక రాత పెడితే ఒక రకం పేజీలు, ఇంకో రాత పెడితే ఇంకో రకం. ఇంగ్లీషులో పెడితే మళ్లీ వేరే. రెండు మాటలు కలిసే ఉండాలంటే వాటికి అటూ ఇటూ కొటేషన్ గుర్తులు పెట్టాలె. అప్పుడు అవి పక్కపక్కన ఉన్న పేజీలే ఎక్కువగా వస్తాయి. ఇది కంప్యూటర్ సార్ గారు చెప్పినారు, చాలా పనికొచ్చింది.

ఇంకొక్క కిటుకు. మన జిల్లా పాత పేరు ఇందూరు. 1905లో నిజామాబాద్ అయింది. కాబట్టి వంద సంవత్సరాల కిందటి సంగతి కావాలంటే ఇందూరు అని కూడా వెతకవలెను. లేకుంటే సగం పుస్తకాలు కండ్లకే పడవు. మీ ఊరికి కూడా పాత పేరు ఉందేమో ఇంట్ల పెద్దోళ్లను అడగండి.

ఇప్పుడు అసలు కథ.

మేము మొదట చార్టు మీద "నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1921లో కట్టబడినది" అని ఎర్ర స్కెచ్‌తో రాసినము. ఒక పేజీలో అట్లనే ఉన్నది. ఇంకో పేజీలో 1937 అని, మరో దాంట్ల 1938 అని ఉన్నది. కానీ మేము మొదట చూసినదాన్నే పట్టుకున్నము. ఆ ఆదివారం మా తాత నన్ను చూడడానికి వచ్చిండు. మా తాతకు చదువు రాదు. మేము నాయకపోళ్లము, మా ఇంట్ల బడికి వచ్చినదాన్ని నేనే మొదలు. తాతకు చార్టు చదివి వినిపించిన. తాత బీడీ జేబుల పెట్టుకొని, "కాలువ రాకముందు గంత చెరుకు యాడిది బిడ్డా? మా నాయిన కాలువకు మట్టి మోసిండు. కారఖానా అటెన్క వచ్చిందని చెప్తుండె" అన్నడు.

నాకు ఒక్కసారే ఎట్లనో అయింది. శనివారం దాకా ఆగి, నిజాంసాగర్ గురించి వెతికినము. మంజీర నది మీద ఆ ఆనకట్ట పని 1923లో మొదలయి 1931లో పూర్తయిందని చాలా చోట్ల ఒకటే తీరుగ ఉన్నది. చెరుకు పది పన్నెండు నెలలు పొలంలోనే ఉండే పంట, దానికి ఎండకాలం కూడా నీళ్లు కావాలె. వంద కిలోల చెరుకు ఆడిస్తే వచ్చే చక్కెర సుమారు పది కిలోలే. అంటే పెద్ద మిల్లు నడవాలంటే వేల ఎకరాల చెరుకు ఉండాలె. చెరువుల కింద కొంత పండించి, గానుగ ఆడి బెల్లం వండుకోవచ్చు. అంత పెద్ద మిల్లుకు అది యాడ సరిపోతది? కోసిన చెరుకును ఎక్కువ రోజులు పెట్టరాదు కూడా, తీపి తగ్గుతది. అందుకే మిల్లును పొలాల దగ్గరనే పెడతారు. కాలువ కంటే పది సంవత్సరాల ముందు మిల్లు అన్న మాట పొసగదు. 1937 పొసగుతది. 1938 అని కొందరు రాయడానికి కారణం కూడా ఉండవచ్చును, కంపెనీ పెట్టిన సంవత్సరం ఒకటి, గానుగ తిరిగిన సంవత్సరం ఇంకొకటి కావచ్చు. మేము ఎర్ర అక్షరాల మీద తెల్ల కాగితం అంటించి 1937 అని రాసినము. దగ్గరికి పోయి చూస్తే ఆ అతుకు ఇప్పటికీ కనబడుతది.

అప్పుడు నాకు ఒక్క సంగతి తెలిసింది. 1921 అని పది పేజీలలో ఉన్నా అవి పది సాక్ష్యాలు కావు. ఒకరిది చూసి ఒకరు ఎక్కించుకుంటే వాక్యం కూడా ఒకటే ఉంటది, కామా కూడా అక్కడనే ఉంటది. మన క్లాసుల హోంవర్కు కాపీ కొట్టినట్టే! మేడమ్ గారు ఎట్లా పట్టుకుంటారో మనమూ అట్లనే పట్టుకోవచ్చు. ఈ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని ప్రతి పేజీలో ఉన్నది. ఎవరు కొలిచినారో, ఏ సంవత్సరంలోనో ఏ పేజీలోనూ రాయలేదు. అందుకే మేము "పెద్దదని పేరు" అని మాత్రమే పెట్టినము.

వికీపీడియా చూడవద్దని కొందరు అంటారు. చూడవచ్చు, కానీ అక్కడనే ఆగవద్దు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయింది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు. పేజీ పైన "చరిత్ర" అని ఒక చోటు ఉంటది. అది నొక్కితే ఎవరు ఎప్పుడు ఏమి మార్చినారో మొత్తం వరుసగా వస్తుంది. పేజీ కింద "మూలాలు" అని ఉంటది. మూలం లేని వాక్యాన్ని నేను పెన్సిల్‌తో రాసుకుంటాను, మూలం ఉన్నదాన్ని పెన్నుతో. ఇది నా పద్ధతి, మీరు వేరే పెట్టుకోవచ్చు.

పాత పుస్తకాలకు ఇంటర్నెట్ ఆర్కైవ్ అని ఒకటి ఉన్నది. 1996లో అమెరికాలో బ్రూస్టర్ కాలే అనే ఆయన మొదలుపెట్టినారు. పైసలు అడగరు. తెలుగు పుస్తకాలు కూడా వేలల్లో ఉన్నాయి. 1909లో అచ్చయిన హైదరాబాద్ రాష్ట్ర గెజెటీరు అందులో చూసినము. గెజెటీరు అంటే ఏ జిల్లాలో ఏమున్నదో సర్కారు రాయించిన పుస్తకము. అందులో మన జిల్లా ఉన్నది, బోధన్ తాలూకా ఉన్నది. నిజాంసాగర్ లేదు, ఉండదు గదా, అప్పటికి కట్టనే లేదు! లేనిది చూసి కూడా తెలుసుకోవచ్చునని అప్పుడు అనిపించింది. దాని ఇంగ్లీషు మాకు కష్టమయింది. సార్ గారి ఫోనులో గూగుల్ లెన్స్ పెట్టి పేజీని చూపిస్తే అక్షరాలు పట్టి తెలుగు చేసి చూపెట్టింది. తెలుగు వంకరటింకరగా ఉన్నది కానీ సంగతి అర్థమయింది. అంకెలు మాత్రం లెన్స్‌ను నమ్మవద్దు. మసక అచ్చులో 3ను 8 అంటది. అంకె మీ కండ్లతో చూసి రాయండి.

ఏఐ యాప్ ముచ్చట కూడా చెప్పాలె. మా చిన్నాయన ఫోన్‌ల ఒకటి ఉంటే సెలవులకు పోయినప్పుడు, బోధన్ చెరుకు గురించి పుస్తకం ఏదైనా ఉందా అని తెలుగులో అడిగిన. ఎంత మర్యాదగా చెప్పిందో! పుస్తకం పేరు, రాసినాయన పేరు, సంవత్సరం, అన్నీ ఇచ్చింది. నేను సంబురపడి రాసుకున్న. మేడమ్ గారు నిజామాబాద్ గ్రంథాలయంలో అడిగినారు, మేము ఆర్కైవ్‌లో వెతికినము. అట్లాంటి పుస్తకమే లేదు. మాటల వెనక ఏ మాట రావచ్చునో లెక్కగట్టి చెప్పుడు దాని పని అని సార్ గారు అన్నారు. అందుకే పుస్తకం లేకున్నా పుస్తకం లాంటి పేరు చెప్పగలదు. నేను ఇప్పుడు దాన్ని కష్టమైన పేరాను అల్కగ చెప్పమనడానికి, నా ప్రశ్న సరిగ్గ ఉందా అని చూడడానికి మాత్రమే వాడుతున్నాను. జవాబు మాత్రం వేరే చోట చూసుకుంటాను.

అందరికీ బాగా నచ్చినది గూగుల్ ఎర్త్. దాంట్ల టైమ్‌లాప్స్ అని ఉన్నది. ఉపగ్రహాలు తీసిన బొమ్మలు 1984 నుండి వరుసగా కదులుతాయి. నిజాంసాగర్ మీద పెట్టి నడిపిస్తే నీళ్లు ఒక ఏడు ఉబ్బి, ఇంకో ఏడు కుంచించుకపోతయి, ఊపిరి తీసినట్టే ఉంటది. కట్టినప్పుడు అందులో 29 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టేవి, పూడిక నిండి తగ్గి ఇప్పుడు లెక్క 17.8 టీఎంసీలు. అయితే పైనుండి చూస్తే వరి పచ్చనే, చెరుకు పచ్చనే. బొమ్మ చూసి "ఇది చెరుకు" అని రాయరాదు. మన ఇస్రో వాళ్లది భువన్ అని ఇంకోటి ఉన్నది, 2009లో వచ్చింది. దాంట్ల మన ఊర్లను దగ్గరగా చూడవచ్చు.

ఫ్యాక్టరీ ఆగిన సంగతి పేపర్లలోనే ఎక్కువ దొరికింది. 2002లో సర్కారూ ప్రైవేటు కంపెనీ కలిసి నడిపే పద్ధతి వచ్చింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించినారు. వార్త రాసుకునేటప్పుడు పేపరు పేరు, తేదీ, మనం చూసిన రోజు, మూడూ రాయాలె. ఒక పేజీ మేము చూసిన రెండు వారాలకే మాయమయింది. అట్లా పోయినవి ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో ఒక్కోసారి దొరుకుతాయి, కానీ దానికి పేజీ అడ్రసు మన దగ్గర ఉండాలె.

ఇక నాకు బాధనిపించినది ఒకటి రాస్తాను. నిజాంసాగర్ ఇంజనీరు ఎవరు అని కొడితే నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ అని అరనిమిషంలో వచ్చింది. ఆయన పుట్టిన జులై 11న తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం చేస్తారని కూడా వచ్చింది. పెద్దాయన, చేయవలసిందే. మట్టి మోసినవాళ్ల పేర్లు అని కొట్టిన. తెలుగులో, ఇంగ్లీషులో, ఇందూరు పెట్టి, కొటేషన్ పెట్టి కొట్టిన. మా ముత్తాత పేరు కూడా కొట్టిన. పెట్టె కొద్దిసేపు గుండ్రంగ తిరిగి, ఏమీ దొరకలేదని చెప్పింది.

సెలవులల్ల చిన్నాయన ఫోన్‌ల రికార్డర్ పెట్టి తాతను కూసోబెట్టిన. "రికార్డ్ చేస్త తాతా, బడిల వినిపిస్త, సరేనా?" అని ముందే అడిగిన. అడగకుండ చేయరాదు. తాత 22 నిమిషాలు చెప్పిండు. ముత్తాత గంప గురించి, కాలువ కట్ట మీద వండుకున్న గట్క గురించి, తర్వాత తాత తానే బండి మీద చెరుకు తోలుకపోయి రాత్రంత వరుసల నిలబడ్డ సంగతి చెప్పిండు. దాన్ని మాటలనుండి రాతగా మార్చే యాప్‌లో పెట్టినము. "కాలువ"ను "కలువ" అని, "గానుగ"ను "గనుక" అని రాసింది. కాలువ కట్ట కాస్త కలువ కట్ట అయింది, తాత మస్తు నవ్విండు. నేను మళ్లీ విని చేతితోనే రాసిన, నాలుగు పేజీలు అయింది.

మన బడిలో గోండి మాట్లాడే చెల్లెళ్లకు ఒక మాట. 2025లో కేంద్ర గిరిజన శాఖ వాళ్లు ఆది వాణి అని యాప్ తెచ్చినారు. సంతాలీ, భిలీ, ముండారీతోపాటు గోండి కూడా ఉన్నది. ఆదిలాబాద్ దిక్కు గుంజాల ఊర్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు వచ్చింది. అంటే ఆ అక్షరాలు కంప్యూటర్లలో రాయవచ్చు. మీ అవ్వ మాటలు ఆ యాప్‌కు ఎంతవరకు తెలుస్తయో మీరే పెట్టి చూసి, వచ్చే సంచికకు రాయండి.

తాత చెప్పిన నాలుగు పేజీలు లైబ్రరీ బీరువాలో, పై అరలో, ఆకుపచ్చ అట్ట ఫైలులో పెట్టినము. మీ ఇండ్లల్ల కాలువ పని, చెరుకు నరుకుడు, మిల్లు పని తెలిసిన తాతలు, అవ్వలు ఉంటే సంక్రాంతి సెలవులల్ల అడిగి రాసుకొని రండి. ఫోన్ లేకున్నా ఫరవాలేదు. పేరు, ఊరు, అడిగిన తేదీ మాత్రం మరువవద్దు. ఫైలులో ఇంకా చాలా జాగ ఉన్నది.

– 9వ తరగతి విద్యార్థిని