పసిబిడ్డకు తొలి బడి తల్లి ముఖమే

పొత్తిళ్ళలోని బిడ్డకు ఏమి తెలుస్తుందిలే అనుకోవడం మామూలే. కాని పుట్టిన బిడ్డ ఎదుటివారి ముఖాన్ని శ్రద్ధగా చూస్తుంది. జానెడు, జానెడున్నర దూరంలో ఉన్నదే దానికి కాస్త బాగా కనబడుతుంది. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండేది అంత దూరంలోనే.

1977లో అమెరికాలోని మెల్ట్‌జాఫ్, మూర్ అనే శాస్త్రజ్ఞులు 12 నుంచి 21 రోజుల పిల్లల ముందు నాలుక చాపి, నోరు తెరిచి చూపారు. పిల్లలూ అలాగే చేశారని ప్రకటించారు. 1983లో మూడు రోజులలోపు శిశువులలోనూ ఇదే చూశామన్నారు. అయితే 2016లో ఆస్ట్రేలియాలో 106 మంది శిశువులను పరీక్షించిన వారు దీనిని ఒప్పుకోలేదు. ఎదుట ఏమి చూపినా పిల్లలు నాలుక చాపుతూనే ఉన్నారని, అది అనుకరణ కాదని వారి వాదన.

ఆ వివాదం ఎలా ఉన్నా, తల్లి బిడ్డను అనుకరిస్తుందన్నది ప్రతి ఇంటా కనిపించేదే. బిడ్డ 'ఉంగా' అంటే తల్లీ 'ఉంగా' అంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే బిడ్డ మాటకు మాట బదులివ్వడం నేర్చుకుంటుంది. కనుక పాలిచ్చేటప్పుడు, నీళ్ళు పోసేటప్పుడు బిడ్డ ముఖంలోకి చూసి మాట్లాడండి. తండ్రి, తాత, నాయనమ్మ, అమ్మమ్మ కూడా పలకరించాలి.

ఒక జాగ్రత్త అవసరం. చెవులు వినబడని బిడ్డ కూడా మొదటి నెలల్లో 'ఉంగా' అంటుంది. అది విని మోసపోరాదు. పెద్ద చప్పుడుకు ఉలికిపడకపోతే, పిలుపుకు కదలకపోతే 'మెల్లగా వస్తుందిలే' అని ఊరుకోక ఆసుపత్రిలో చూపించండి. లోపం కనిపెట్టి ఆరు నెలలలోపు చికిత్స మొదలుపెడితే మాటలు వచ్చే అవకాశం ఎక్కువ.